గోడ మీద మనిషి బొమ్మ

కిటికీ తీస్తే కనపడే కొబ్బరిచెట్లను కొని తెచ్చి గోడకు తగిలించుకోవడం నాకు మొదటినుంచీ నచ్చదు. అందుకే పలాసలో కొత్త ఇల్లు కట్టుకున్నాక, హాల్లోకి మనిషి బొమ్మే కావాలని పట్టుబట్టాను. విశాఖపట్నంలో ఒక చిత్రాల దుకాణంలో మధ్యాహ్నమంతా తిరిగాను. నీళ్ళకుండలతో వయ్యారంగా నిలబడ్డ అమ్మాయిలు వరసగా ఉన్నారు. ఆ నడుములు చూస్తే ఒక్క కుండలోనూ చుక్క నీరున్నట్టు లేదు. మనిషి బొమ్మ కొనేటప్పుడు చూడాల్సింది రంగులు కాదు, రోజూ ఎదురుపడినా విసుగు రాని ముఖమా కాదా అన్నది. ఇది నా సిద్ధాంతం.

చివరికి ఒకావిడ దొరికింది. వయసులో ఉన్న మనిషే. జీడితోటలో కూర్చుని పళ్ళనుంచి పిక్కలు వేరు చేస్తూ, ఎవరో పిలిస్తే తలెత్తినట్టు సూటిగా చూస్తోంది. గీసినవాళ్ళు ఆవిడను అందగత్తెను చెయ్యాలని చూడలేదు. అదే నాకు నచ్చింది.

మా వైపు హాలు గోడ మీద దేవుళ్ళుంటారు, లేదా పోయినవాళ్ళుంటారు. బతికున్నవాళ్ళు ఫోన్లలో ఉంటారు. ఇది నాకు తెలియని సంగతి కాదు, దుకాణంలో గుర్తు రాలేదంతే.

గృహప్రవేశం రోజు మా అత్త, మా ఆయన తల్లి, కంచిలి నుంచి తనతో వచ్చిన చుట్టాలందరి ముందూ ఆ బొమ్మ దగ్గర ఆగింది.

“ఎవులమ్మా ఈవిడ? ఎప్పుడు పోనాది?”

ఎవరో తెలియదు, కొన్నానంటే సరిపోయేది. కానీ ముక్కూ మొహం తెలియని ఆడమనిషిని కొని తెచ్చి హాల్లో పెట్టుకున్నానని అంతమందిలో చెప్పడానికి సిగ్గేసింది. “మా అమ్మమ్మండీ. మా అమ్మ పాలు తాగే వయసులోనే పోయింది. పెద్దవాళ్ళని అడిగి గీయించాను,” అన్నాను. అందులో మధ్యమాట ఒక్కటే నిజం.

అత్త వెంటనే బొమ్మకు కుంకుమ పెట్టింది, గుమ్మానికి కట్టగా మిగిలిన బంతిపూల దండ వేసింది, కొబ్బరికాయ కొట్టించింది. నన్ను మెచ్చుకుంది కూడా. మా అత్త నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

అమ్మ సంతబొమ్మాళి నుంచి బస్సులో వచ్చేసరికి భోజనాలు మొదలయ్యాయి. నేను ఎదురెళ్ళేలోపే అత్త ఆవిడను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

“సూసినావా వదినా, మీయమ్మ. నీ కూతురు గీయించినాది.”

మా అమ్మమ్మకు ఒక్క ఫొటో కూడా లేదు. తల్లి ముఖం ఎలా ఉంటుందో అమ్మకు తెలియదు. చేతిసంచీ కింద పెట్టి, కొంగు సర్దుకుని, బొమ్మ ముందు నిలబడింది. వేలితో తన ముక్కు తడుముకుంది. “ఎంత సిన్నపిల్లో సూడు,” అంది, ఎవరితోనో తెలియకుండా. అన్నానికి పిలిచినా కదల్లేదు. నేను పంక్తిలో నెయ్యి వడ్డిస్తూ తల ఎత్తలేకపోయాను. భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

అందరూ వెళ్ళాక వంటింట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కుళాయి కింద చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంది.

“ముందే సెప్పీసుంటే, నానంతసేపు సూసీదాన్ని కాదు గదే,” అంది.