చేతులకు పడిన పసుపు

రెండు వేల ఇరవై మూడు, ఎండలు ముదురుతున్న రోజులు. ఆ కాలంలో ఆర్మూర్‌లో ఏ వీధికి పోయినా పసుపు ఉడికే వాసనే. నా బ్యూటీ పార్లర్ ఎరువుల దుకాణం పైన ఉన్న గదిలో. కింద రోడ్డు మీద ట్రాక్టర్లు పసుపు బస్తాలతో పోతుంటే, ఆ దుమ్ము కిటికీలోంచి వచ్చి నా లిప్‌స్టిక్ మూతల మీద పచ్చగా పేరుకునేది. పొద్దున షట్టర్ తీయగానే మెత్తటి గుడ్డతో వాటన్నిటినీ తుడవడం నా మొదటి పని.

పెళ్లికూతుళ్లకు మేకప్ వేయడం నా బతుకుదెరువు. మేకప్ సామాను కొని, వాడి చూసి, ఉన్నదున్నట్టు వీడియోలో చెప్పడం నా పిచ్చి. కొన్నదేదీ పారేయను. అద్దాల బీరువాలో అరలు చేయించి, లిప్‌స్టిక్‌లను అండర్‌టోన్ ప్రకారం సర్దుకున్నాను. అండర్‌టోన్ అంటే చర్మం పైరంగు కింద దాగి ఉండే ఛాయ. మా వైపు ఆడవాళ్లలో చాలామందికి అది పసుపు వైపు మొగ్గుతుంది. కంపెనీలవాళ్లు అమ్మే షేడ్లు వాళ్లకు వేస్తే మొహం బూడిద పూసినట్టు ఉంటుంది. ఆ కోపంతోనే వీడియోలు మొదలుపెట్టాను. ప్రతి డబ్బా మీద మూత తీసిన నెల రాసి స్టిక్కర్ అంటిస్తాను. గాలి తగిలిన రోజు నుంచీ క్రీము పాతబడుతుంది కదా.

అన్నిటికంటే కింది అరకు మాత్రం తాళం ఉంటుంది. అందులో పేరూ ఊరూ లేని సరుకు. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో, లోపల ఏముందో రాయకుండా అమ్మే క్రీములు. చూపించి చెప్పడానికి దాచుకుంటానే తప్ప ఎవరి మొహానికీ తగలనివ్వను. ఆ ఎండలకు ముందు చలికాలంలో ఒకాయన బంగారు రంగు మూత ఉన్న డబ్బా తెచ్చి, వీడియోలో నాలుగు మంచి మాటలు చెప్పమన్నాడు. వారంలో తెల్లబడతారట. డబ్బా తిరగేసి చూశాను. మెరిసే కాగితం మీద తెల్లటి ఆడమనిషి బొమ్మ తప్ప ఒక్క అక్షరం లేదు. లోపల ఏముందని అడిగితే "అది ఫార్ములా మేడం" అన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని. పొమ్మన్నాను. పోతూ పోతూ శాంపిల్ అని ఒకటి బల్ల మీద పెట్టి పోయాడు. అది కింది అరలోకి పోయింది.

స్రవంతి నా దగ్గరికి వచ్చింది ఆ తరువాతే. మాక్లూర్ వైపు ఒక ఊరు వాళ్లది. పసుపు, మక్కజొన్న పండించే ఇల్లు. తల్లి లక్ష్మితో కలిసి, మొహానికి స్కార్ఫ్ గట్టిగా చుట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నరేష్ అనే అబ్బాయితో ఆమెకు పెళ్లి కుదిరింది. వాళ్లదీ పసుపు పండించే కుటుంబమే. ఒకరికొకరు నచ్చి చేసుకుంటున్న సంబంధం.

స్కార్ఫ్ తీసింది. రెండు బుగ్గలూ కాలినట్టు ఎర్రగా ఉన్నాయి. చర్మం పలచబడి, మెరుస్తూ, లోపలి సన్నటి నరాలు కనబడుతున్నాయి. గడ్డం చుట్టూ పొక్కులు.

"అక్కా, ఐతారం నాడు వాళ్లు వస్తున్నరు. జర గిదంత కనపడకుంట చెయ్యవా," అంది.

ఏమైందని అడిగితే తల్లి చెప్పింది. ఎంగేజ్‌మెంట్ నాడు ముత్తయిదువలు పిల్లకు పసుపు రాశారు. రాసిన కాసేపటికే మంటని ఏడ్చిందట. మొహం కడిగితే ఇలా ఉందట. అక్కడే ఉన్న నరేష్ మేనత్త గంగామణి, ఈ పిల్లకు పసుపు పడదని అందరి ముందూ అనేసింది. ఆ మాట ఊరంతా పాకింది. పసుపు మీద బతికే ఇంట్లోకి పసుపు పడని పిల్లను ఎలా తెచ్చుకుంటారు? వంటలో పడకపోతే వదిలేయొచ్చు. అక్కడ తవ్వేది పసుపు, ఉడకబెట్టేది పసుపు, మంచం కింద పోసుకునేది పసుపు. పైగా అది అరిష్టమట. సంబంధం ఉంచుకోవాలో వద్దో తేల్చడానికే ఆదివారం వస్తున్నారు.

నేను మేకప్ వేసేటప్పుడు షేడ్ సరిచూడటానికి ముంజేతి మీద చిన్న గీత గీస్తాను. దాన్ని స్వాచ్ అంటాం. అలవాటుగా ఆ పిల్ల చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. వేళ్ల సందులు, గోళ్ల చివరలు, అరచేతి గీతలు అన్నీ పసుపే. సబ్బుతో పోయే పసుపు కాదది.

"గీ చేతులతోని ఎన్నేండ్ల సంది పసుపు పని చేస్తున్నవ్?"

"చిన్నప్పటి సంది అక్కా. మొన్న గూడ ఉడకబెట్టెకాడ్నే ఉన్న."

"చేతులకు పడే పసుపు మొహానికి ఎందుకు పడదు?"

తల్లీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొహానికి ఇంకేం రాస్తున్నావని అడిగాను. స్రవంతి కాసేపు నసిగి, సంచిలోంచి రుమాలులో చుట్టిన డబ్బా తీసింది. బంగారు రంగు మూత.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఎవరిచ్చారని అడిగితే గంగామణే ఇచ్చిందట, మాట ఖాయమైన వారంలోనే, ఫోటోలకు కలర్ జర తేలాలని. పిల్ల మంచి రంగు. ఎండలో పనిచేసే ఒంటి రంగు, నిగనిగలాడే రంగు. దానికి తేలేది ఏముంది, మునిగేది ఏముంది? క్రీము రాసిన కొత్తలో నిజంగానే మొహం తెల్లబడింది. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. తరువాత మానేస్తే మంట, రాస్తే చల్లగా ఉండటం మొదలైంది. అందుకే వదలకుండా రాస్తోంది. అదే క్రీమని కింది అర తాళం తీసి నా డబ్బా పక్కన పెట్టి చూపించాను.

దాచేయడం నాకు చేతకాక కాదు. ఎరుపు మీద ఆకుపచ్చ కన్సీలర్, పైన రెండు పొరల ఫౌండేషన్ వేస్తే ఆదివారం గడిచిపోతుంది. ఆ తరువాత? పచ్చి పుండు లాంటి చర్మం మీద నేనే మట్టి కొట్టినట్టు అవుతుంది. వేయనని చెప్పాను. లక్ష్మికి కోపం వచ్చింది. "ఆశపడి వస్తే గిట్లనేనా చేసేది? సంబంధం పోతే నువ్వు తెస్తవా?" అంది. ఆమె తప్పు లేదు. నా కోపం ఆమె మీద కాదు. కానీ గొంతు నాకూ పెరిగింది. ముందు దవాఖానకు పోదాం పదమని, ఆ మధ్యాహ్నమే ఇద్దరినీ నిజామాబాద్ తీసుకుపోయాను.

చర్మం డాక్టరమ్మ రెండు నిమిషాలు చూసి డబ్బా పక్కన పడేసింది. ఇలాంటి మొహాలు రోజూ చూస్తున్నానంది. స్టెరాయిడ్ కలిపిన క్రీములు వాడితే ఇలాగే అవుతుందట. స్టెరాయిడ్ డాక్టరు చూసి, కొన్నాళ్లకే రాసే మందు. నెలల తరబడి మొహానికి పూస్తే చర్మం పలచబడిపోతుంది, ఆపైన ఏది తగిలినా మండుతుంది. మానడానికి నెలలు పడుతుందని, అంతదాకా మొహానికి ఏ మేకప్పూ వద్దని చెప్పింది. పసుపు సంగతి అడిగితే, ప్యాచ్ టెస్ట్ చేసి చూద్దామంది. క్రీము తగలని చోట, మోచేతి మడతలో, కొంచెం పసుపు పెట్టి పట్టీ వేసి వదిలేయడమే. ఆ పసుపు నరేష్ వాళ్ల ఇంటిదే అయితే బాగుంటుందని నేనన్నాను. స్రవంతి ఫోన్ చేస్తే అతనే బండి మీద తెచ్చి ఇచ్చాడు. ఏమీ మాట్లాడలేదు. అప్పుడు అతని మీద కూడా కోపం వచ్చింది నాకు. డాక్టరమ్మ ఆ పసుపుతోనే పట్టీ వేసి, ఆదివారం దాకా విప్పొద్దంది.

ఆదివారం నేనూ స్రవంతి వాళ్ల ఊరికి పోయాను. పిలవని పేరంటమని తెలుసు. వాకిట్లో చాపల మీద పెద్దవాళ్లంతా కూర్చున్నారు. స్రవంతి మొహం మీద ఏమీ లేదు, ఎర్రటి బుగ్గలతో అలాగే వచ్చి కూర్చుంది. గంగామణి చక్కగా పౌడరు వేసుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని ముందు వరసలో ఉంది. మాట మొదలవకముందే నేను స్రవంతి చేతి పట్టీ విప్పి అందరికీ చూపించాను. మోచేతి మడతలో పచ్చటి మరక తప్ప దద్దురు లేదు, ఎరుపు లేదు. "ఇది మీ ఇంటి పసుపే," అన్నాను. తరువాత ఆ పిల్ల అరచేతులు రెండూ తిప్పి చూపించి, నా గదిలో అడిగిన ప్రశ్నే వాళ్లనూ అడిగాను.

అక్కడితో ఆగి ఉండాల్సింది. కానీ నాకు ఒళ్లు మండుతోంది. డబ్బా తీసి గంగామణి ముందు పెట్టాను. పిల్లకు ఇచ్చిన క్రీము అంత మంచిదైతే మీరు రాసుకుని చూపించండి పెద్దమ్మా అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకుంటుందని, అందరి ముందూ తల దించుకుంటుందని అనుకున్నాను.

ఆమె మూత తీసి, వేలితో ఇంత తీసుకుని బుగ్గకు రాసుకుంది.

"నేను రోజు పెట్టుకునేదే బిడ్డా గిది. నాకు పరీక్ష పెడ్తున్నవా?"

కొంగుతో ఇంకో బుగ్గ మీది పౌడరు తుడుచుకుంది. దాని కింద స్రవంతి మొహమే ఉంది. అదే ఎరుపు, అవే నరాలు, ఇంకా ఎక్కువగా.

"నాకు గూడ పసుపు పడదు. మొహానికి రాసి ఎన్నేండ్లాయెనో. నాకు పడకనే చేన్ల దుంపకుళ్లు వస్తున్నదని మా అత్త సచ్చేదాంక తిట్టింది. గా మాట గీ పిల్ల ఎందుకు పడాలె? ఇప్పుడే వద్దంటే బతికిపోతది అనుకున్న."

ఆమె ముందున్న డబ్బా తీసుకుని మూత పెట్టేశాను. ఏ చేనులోనైనా పసుపు పంటకు పట్టే కుళ్లు దుంపలో ఉంటుంది, తేమలో ఉంటుంది. దాన్ని కోడలి బుగ్గల మీదికి తెచ్చి పెట్టారు. నల్లగా ఉన్నావని ముందు తెల్లబరిచారు, తెల్లబరిచిన మొహం మండితే పసుపు పడదన్నారు, పసుపు పడకపోతే పంట పాడైంది నీవల్లే అన్నారు. ఆమె ఆ మాటలన్నీ మోసి, తను నమ్మిన డబ్బానే ప్రేమగా ఈ పిల్ల చేతిలో పెట్టింది. నాకు జాలి వేసింది. కోపం మాత్రం పోలేదు.

అప్పుడు నరేష్ నోరు తెరిచాడు. "పెండ్లి చేసుకునేది నేను. మొహం మానిందాంక ఆగుదం. అత్తను గూడ డాక్టర్‌కు చూపిద్దం," అన్నాడు. అంతే. ఆ ముక్క ఎంగేజ్‌మెంట్ రోజే అనుంటే ఆ పిల్ల ఇన్ని రాత్రులు ఏడ్చేది కాదు కదా అని పైకే అన్నాను. తల వంచుకున్నాడు. పెళ్లి మాత్రం నిలబడింది.

తిరిగొచ్చి ఆ డబ్బా మీద వీడియో చేశాను. మొహాలు చూపించలేదు, పేర్లు చెప్పలేదు. డబ్బా తిప్పి తిప్పి చూపించి, దీని మీద ఏముందో చదవండి అని అడిగాను. కొందరు తమ బుగ్గల ఫోటోలు పంపారు. ఇంకొందరు నా గిరాకీ కోసం ఊరివాళ్ల పొట్ట కొడుతున్నానని రాశారు. బంగారు మూత కొన్నాళ్లు కనబడలేదు. తరువాత అదే క్రీము గులాబీ మూతతో ఫ్యాన్సీ స్టోర్లలోకి వచ్చింది. అదీ ఇప్పుడు నా కింది అరలో ఉంది. ఆ మూత చూసిన ప్రతిసారీ పళ్లు నూరుకుంటాను.

పెళ్లి మరుసటి సంవత్సరం జరిగింది. స్రవంతి బుగ్గల మీద లేత మచ్చలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఏమైనా వేయనా అని అడిగితే వద్దంది. జడ వేసి, పూలు పెట్టి, కాటుక దిద్దాను. నలుగు నాడు ముత్తయిదువలు మొహం జోలికి పోకుండా చేతులకు, పాదాలకు రాశారు. ఆఖరున గంగామణి వచ్చి కూర్చుంది. ఆమె మొహమూ అప్పటికి నెమ్మదించింది. రాయడానికి గిన్నెలో చెయ్యి పెట్టి, అందరి వంకా ఒకసారి చూసి ఆగిపోయింది. స్రవంతి ఆమె చెయ్యి పట్టుకుని, ఆ పసుపు ముందు ఆమె ముంజేతికే రాసింది. "పడ్తదత్తమ్మా," అంది. గంగామణి ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దాని వంకే చూస్తూ ఉంది. ఏమీ కాలేదు.

ఇప్పుడు నేను ఏ డబ్బా చూపించినా మూత తీయకముందు తిరగేసి, వెనకున్నదంతా పైకి చదువుతాను. ఏమీ రాసి లేకపోతే అక్కడే ఆపేస్తాను. ఇంకో అలవాటు కూడా వచ్చింది. కుర్చీలో ఎవరు కూర్చున్నా ముందు చేతులు చూస్తాను. మొహానికి అందరూ ఏదో ఒకటి రాయమంటారు, దాని గురించి ఏదో ఒకటి అంటారు. చేతుల జోలికి ఎవరూ రారు, వాటితో పని చేయించుకుంటారు అంతే.