ఎలుక బొమ్మ ఉన్న తెర

చిక్కడపల్లిలో శుభలేఖలు డిజైన్ చేసే రమాకాంత్ అంత మొండివాణ్ని నేను చూడలేదు. కంప్యూటర్లు బాగుచేసే నాకు అతనితో చాలా ఏళ్ల పరిచయం. అతని పాత డబ్బా చచ్చి ఊరుకుంది. కొత్తది తెప్పించి, అందులో విండోస్ బదులు లినక్స్ వేయడానికి మొన్న పొద్దున నారాయణగూడ నుంచి వెళ్లాను.

లినక్స్ వేసేటప్పుడు తెర ఏ తీరుగా ఉండాలో మనమే ఎంచుకోవాలి. దేన్ని ఎంచుకుంటే దాని సాఫ్ట్‌వేర్ దిగుతుంది. నేను నిండుగా, అందంగా ఉంటుందని గ్నోమ్ అనే తెర వేశాను. తెర వెలగ్గానే రమాకాంత్ మొహం మాడ్చుకున్నాడు. ఇది వద్దన్నాడు. కేడీఈ వేశాను. అదీ వద్దట. నాకు ఒళ్లు మండింది. పెళ్లిచూపులకు వచ్చినట్టు ఒక్కోదానికీ వంక పెడతావేందయ్యా అని కసిరాను.

"మూలకు ఎలుక బొమ్మ ఉండేదన్నా. గదే కావాలె," అన్నాడు.

అది ఎక్స్‌ఎఫ్‌సీఈ. మెమరీ తక్కువున్న పాత డబ్బాలకు వేసే తేలికపాటిది. పాత మిషన్‌లో దాన్ని వేసింది కుసుమ. అశోక్‌నగర్ కోచింగ్ పిల్లల నోట్సు రమాకాంత్ షాపులో కూర్చుని టైపు చేసేది. "దీని ఓపికకి ఈ ఎలుక చాలండీ" అని నవ్వేది. వాళ్ల నాన్న విశ్వేశ్వరరావు గారు రిటైరయ్యాక ఇంటిల్లిపాదీ కాకినాడ వెళ్లిపోయారు. ఊళ్లో వాళ్లందరి పెళ్లిమాటలూ అందంగా అమర్చే రమాకాంత్, తన మాట మాత్రం ఆమెకు చెప్పలేకపోయాడు.

కొత్త మిషన్ ఏదైనా మోస్తుంది, ఇంకా ఆ ఎలుకెందుకని అడిగాను.

"ఆమె పోయినంక రోజూ ఆ తెరనే చూసుకుంట బతికిననన్నా. అది గూడ పోతే నాకేం మిగుల్తది?"

ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాను. మూలన ఎలుక కనబడగానే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చూడనట్టు వైర్లు సర్దుతూ కూర్చున్నాను.

పని అయ్యేసరికి షాపు మూసే వేళయింది. మౌస్‌ను కుడివైపు పెట్టాను. రమాకాంత్ దాన్ని తీసి ఎడమవైపు పెట్టాడు. కుసుమది ఎడమచేతి వాటం. ఇతనిది కాదు.

"నువ్వు కుడిచేత్తోనే పట్టుకుంటవు గదా?" అన్నాను.

"పొద్దంత కుడిదిక్కే ఉంటది. షాపు మూసేటప్పుడు ఎడమదిక్కు పెట్టి పోతనన్నా. రెండో తాళంచెవి ఇంకా ఆమె దగ్గరనే ఉన్నది."