చొక్కాకి గుండీలు ఏ వైపు

భర్త పోయిన నాలుగో నెలలో, ఒకే వారంలో ముగ్గురు టైలరమ్మ దుకాణానికి వచ్చి, ఇంకా కత్తెర పడని బట్టలు వెనక్కి పట్టుకుపోయారు. మూడో ఆవిడ బళ్ళో పంతులమ్మ, అబద్ధమాడడం చేతకాదు. బట్ట సంచిలో పెట్టుకుంటూ టైలరమ్మ వేళ్ళకేసి జాలిగా చూసింది.

"ముందు ఆరోగ్యం చూసుకోండి. చేతులు వణుకుతున్నాయని మీరే రాశారుగా!"

"నేనెక్కడ రాశాను?"

"ఫోన్లో."

టైలరమ్మ ఫోన్లో రాసేవి కొలతలూ, 'రెడీ' అన్న మాటా. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయన ఏ ఎనిమిదో అంతస్తు నుంచో పది వాక్యాలు రాసి పంపితే ఈమె జవాబు 'సరే'.

సాయంత్రం కూతురు ఆఫీసు నుంచి వచ్చి వెతికి పెట్టింది. టైలరమ్మ పేరు, పక్కన భర్త ఫొటో, కింద బారెడు ఏడుపు. ఆయన లేక ఇల్లు బోసిపోయిందట. చేతులు వణికి కుట్టు మానేసిందట. ముగ్గురు పిల్లలతో పస్తులుంటోందట. దయగలవాళ్ళు తోచింది పంపాలట. నూట నలభై మంది ఓదార్చారు. అందరికంటే ముందు ఓదార్చింది భర్త అక్కగారు.

వదిన ఉండేది పక్క వీధిలోనే. కబురు పెట్టగానే వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఎంత బాగా రాశావే! చదివి రెండుసార్లు ఏడ్చాను. ఆస్పత్రిలో నీ కంట చుక్క రాకపోతే, ఇది మనిషా రాయా అనుకున్నాను."

"రాసింది నేను కాదు వదినా."

"నువ్వు కాదూ?" ఆవిడ మొహం వాడిపోయింది. "అదే, ముగ్గురు పిల్లలేమిటా అనుకున్నాను. మిగతా ఇద్దరి సంగతీ నిన్నెలా అడగాలో తెలియక ఊరుకున్నాను."

"అత్తా!" అంది కూతురు.

"నన్నంటావేమే? రాసినవాళ్ళననాలి గాని."

ఆ ఖాతా నడిచే యాప్ కంపెనీకి కూతురు ఫిర్యాదు పెట్టింది. మర్నాడు జవాబొచ్చింది: పరిశీలించాం, ఆ ఖాతాలో తప్పేమీ కనబడలేదు, మీ బాధకు చింతిస్తున్నాం. పోలీసులు కాగితం తీసుకుని 'చూస్తాం' అన్నారు. ఈలోగా నాలుగో మనిషి బట్ట తీసుకుపోయాడు. ఐదో ఆవిడ రెండు పాత దుప్పట్లు ఇచ్చిపోయింది.

దుప్పట్లతో టైలరమ్మకి ఒళ్ళు మండింది. "పాతికేళ్ళు కుట్టి తెచ్చుకున్న పేరు! నా చేతులు వణుకుతాయా?" అంటూ, ఎవరూ అడక్కపోయినా సూదిలో దారం ఎక్కించి చూపించింది.

'అది దొంగ ఖాతా, నమ్మకండి' అని కూతురు రాసింది. అరగంటలో అవతలి టైలరమ్మా రాసింది: 'నా దుఃఖంతో ఎవరో ఆడుకుంటున్నారు, నమ్మకండి.' జనం ఆవిడనే ఎక్కువ ఓదార్చారు.

"దాని ఏడుపులో పస ఉందే మరి" అంది వదిన.

టైలరమ్మ ఫోన్ లాక్కుంది. అంతవరకూ ఆ ఫొటో వంక ఆమె సరిగా చూడలేదు, చూడబుద్ధి కాలేదు. ఇప్పుడు కళ్ళజోడు సర్దుకుని చూసింది. మొహం కాదు, చొక్కా.

"మీ నాన్నకి ఆడవాళ్ళ చొక్కా తొడిగారేమే?"

ఆ ఫొటో కూతురు నాలుగు నెలల కిందట తన ఖాతాలో పెట్టినదే. పట్టుబడకుండా ఉండాలని కాబోలు, దొంగలు దాన్ని అద్దంలో బొమ్మలా కుడిఎడమలు తిప్పేశారు. మగవాళ్ళ చొక్కాకి గుండీలు కుడివైపు, కాజాలు ఎడమవైపు ఉంటాయి. తిప్పిన ఫొటోలో అవి తారుమారయ్యాయి.

"రాయి" అంది టైలరమ్మ. కూతురు రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, చెప్పింది చెప్పినట్టు రాసింది: 'ఈ చొక్కా కుట్టింది నేను. మగవాళ్ళ గుండీలు ఏ వైపుంటాయో తెలియని మనిషి టైలరు కాదు. నా చేతులు వణకడం లేదు. బట్టలు తీసుకురండి.'

చదివిన మగవాళ్ళంతా ముందు తమ గుండెలకేసి చూసుకుని, తర్వాత ఫిర్యాదులు పెట్టారు. మూడో రోజుకి ఆ ఖాతా మాయమైంది. బట్టలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. పంతులమ్మ కూడా సంచి తెచ్చి బల్లమీద పెట్టింది గాని, కదల్లేదు.

"ఫొటోలు రెండూ పెద్దవి చేసి చూశానండీ. చిన్న సందేహం. ఆ మూడో గుండీ మిగతావాటికంటే పెద్దదేం?"

టైలరమ్మ సంచిలోంచి బట్ట తీసి కొలవడం మొదలుపెట్టింది. ఆ ఫొటో తీసిన పొద్దున అసలు గుండీ ఊడిపోతే, చేతికందిన గుండీ ఏదో కుట్టేసింది. సాయంత్రం మారుస్తానంది. "ఎవరు చూడొచ్చారే" అని ఆయన నవ్వుతూ వెళ్ళిపోయాడు. తర్వాత చాలా సాయంత్రాలు గడిచిపోయాయి.

మధ్యాహ్నం దుకాణం మూసి, బీరువాలోంచి ఆ చొక్కా తీసింది. డబ్బాలో వెతికి సరైన గుండీ పట్టుకుంది. దారం సూదిబెజ్జంలోకి వెళ్ళలేదు. రెండోసారీ వెళ్ళలేదు. మూడోసారి చొక్కా చేతితోనే కళ్ళు తుడుచుకుంది.

పక్కన కూర్చున్న వదిన ఆ సూది తీసుకుని తనూ ప్రయత్నించింది. ఆవిడకీ కుదరలేదు.

"ఇప్పుడీ చొక్కా ఎవరు తొడుక్కుంటారే?"

"ఎవరూ తొడుక్కోరు. కానీ ఊరంతా చూసింది వదినా."