అక్కకు తెచ్చిన రొయ్యలు

మేము గుంటూరు వైపు యూదులం. మేముండే షార్జా అల్ నహ్దాలో ఈ మాట చెబితే, "అంటే క్రిస్టియన్సే కదా!" అని ఎదుటివాళ్ళే తేల్చేసేవారు. పదిహేనేళ్ళ వయసులో నాకు ఒళ్ళు మండేది. కాదని చెప్పబోయేలోపు లిఫ్టు మా అంతస్తుకు వచ్చేసేది. శుక్రవారం సాయంత్రం అమ్మ దీపాలు వెలిగించేది, నాన్న నాలుగు హీబ్రూ ముక్కలు గబగబా చదివేవాడు. ఇంట్లో మా యూదుతనం అంతే.

నాన్నకు ఒక్కతే అక్క. ముసలివాళ్ళను చూసుకునే పనికి ఇజ్రాయెల్ వెళుతూ నాన్ననూ రమ్మంది. నాన్న దుబాయ్ వీసా తెచ్చుకున్నాడు. "ఇంక నువ్వు మనవాడివి కాదు" అందట. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మాటల్లేవు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మా వంశంలో అలాంటివాళ్ళు ఇద్దరు.

ఇజ్రాయెల్ నుంచి దుబాయ్‌కి నేరుగా విమానాలు మొదలయ్యాక అత్తయ్య అమ్మకు ఫోన్ చేసింది. ఊరికి పోతూ దారిలో ఒక పూట మా ఇంటికి వస్తుందట.

"రానీ. నేను మాత్రం మాట్లాడను" అన్నాడు నాన్న.

నాకు భయం వేసింది. మేమెవరమో లోకానికి గట్టిగా చెప్పగల చుట్టం ఆవిడొక్కతే. ఆవిడ కూడా అలిగి వెళ్ళిపోతే ఇక మాకెవరూ లేరు.

ఆ రోజు పొద్దున్నే నాన్న చేపల మార్కెట్‌కి వెళ్ళి రెండు కిలోల రొయ్యలు తెచ్చాడు. వంటింట్లో పేపరు పరుచుకుని తనే వలవడానికి కూర్చున్నాడు. "మా అక్కకి రొయ్యలంటే ప్రాణం" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. నీళ్ళలో బతికేవాటిలో పొలుసులు లేనివి మా ధర్మంలో తినకూడదు. ఊళ్ళో ఎవరూ పట్టించుకునేవారు కాదు గానీ, అత్తయ్య ఇప్పుడు అన్నీ పాటిస్తోందని అమ్మకు తెలుసు. "నువ్వు చెప్పు", "నువ్వే చెప్పు" అని సైగలు చేసుకుంటుండగానే బెల్లు మోగింది.

అత్తయ్య తలకు గుడ్డ కట్టుకుని వచ్చింది. లిఫ్టులో ఎవరో సలాం చెప్పారని నవ్వుతూ నేరుగా వంటింట్లోకి నడిచి, గిన్నెలోకి చూసి ఆగిపోయింది.

"ఇయ్యి నేను తినకూడదు కదరా!"

నాన్న మొహం మాడిపోయింది. లేచి వెళ్ళిపోబోయాడు.

"పొద్దున్నుంచీ నాన్నొక్కడే వలిచాడు అత్తయ్యా. నన్ను ముట్టుకోనివ్వలేదు" అన్నాను.

అత్తయ్య స్టూలు లాక్కుని కూర్చుంది. "అమ్మాయ్, ధనియాల పొడి కాస్త ఎక్కువెయ్యి, ఆడికి అట్టాగే ఇష్టం" అని అమ్మకు చెప్పి, "యల్లా, కూర్చోరా" అంది నాన్నతో. 'ఊఁ, కానీ' అనడానికి షార్జాలో మేం రోజూ వినే అరబ్బీ మాట అది.

"అక్కడా యల్లానేనా?" అన్నాడు నాన్న. తొమ్మిదేళ్ళ తర్వాత అక్కతో ఆయన మొదటి మాట అది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నాన్న ముందు రొయ్యల కూర, రొయ్యలు తగిలిన మా కంచాల్లో తినకూడదు గనుక అత్తయ్య ముందు కాగితం పళ్ళెంలో రెండు అరటిపళ్ళు.

"ఎట్టా ఉందిరా? చెప్పు."

"ఉప్పు సరిపోయింది. కారం ఒక పిసరు ఎక్కువైంది. తోక కాడ తియ్యగా ఉందక్కా" అని ముద్ద ముద్దకూ చెప్పాడు నాన్న. అత్తయ్య కళ్ళు మూసుకుని వింది.

"నా వంతు కూడా నువ్వే తినరా" అంది.