చెప్పకుండా చెయ్యి వెయ్యని మనిషి

ఆ నర్సింగ్‌హోమ్‌లో రోగుల పనులు చూసే సహాయకుడికి ఒకటే జబ్బు. ఏ పనైనా సరే, పైకి చెప్పందే చేసేవాడు కాదు. తలుపు తీసే ముందు "తలుపు తీస్తున్నాను" అనేవాడు. తుమ్మే ముందు "తుమ్మొస్తోంది, వచ్చేసింది" అని చెప్పి మరీ తుమ్మేవాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ అతను కామెంటరీయే.

యాభై దాటిన బక్కపలచటి మనిషి. గొంతు మాత్రం ఇద్దరికి సరిపోయేది. "గ్లాసు ఎత్తుతున్నాను. ఊదుతున్నాను. అమ్మో, కాలింది" అంటూ అతను టీ తాగుతుంటే, క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చున్నవాళ్ళ టీలు చల్లారిపోయేవి. అతనికి క్షవరం చేసిన మంగలి, ఇన్నేళ్ళ వృత్తిలో తనకి నోరు తెరిచే సందు దొరకనిది ఆ ఒక్కరోజే అని వాపోయాడు. ఇంట్లో అతని భార్య చెవుల్లో దూది పెట్టుకునేది. "మా ఆవిడ దూది పెట్టుకుంటోంది" అని అది కూడా చెప్పేవాడట.

ఒకసారి పెద్ద డాక్టరుగారు ఒక ముసలాయనకి ఇంజెక్షన్ ఇవ్వబోతుంటే, మనవాడు పక్కనే నిలబడి మొదలుపెట్టాడు.

"తాతగారూ, డాక్టరుగారు సూది పట్టుకున్నారు. కుడి జబ్బకి వస్తోంది. ఆయన చెయ్యి కాస్త వణుకుతోంది."

"నా చెయ్యేం వణకట్లేదు!"

"వణకట్లేదంటున్నారు తాతగారూ. కోపమొచ్చింది. మొహం ఎర్రబడింది. ఆ, దిగింది."

నొప్పి తెలియకుండా నవ్విన ఆ తాతగారు బాగానే ఉన్నారు. డాక్టరుగారే వారం రోజులు ఆ వార్డు ఛాయలకి రాలేదు.

టీచరమ్మకి మాత్రం ఇందులో నవ్వొచ్చేదేమీ కనిపించలేదు. ఆమె పక్కవీధి బడిలో ఇరవయ్యారేళ్ళుగా పాఠం చెబుతోంది. ఆమె అడుగు పెడితే క్లాసులో ఈగ వాలినా వినిపించేది. ఆమె తల్లి ఒకప్పుడు మంచి దర్జీ. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. చూపు అంతకు రెండేళ్ళ ముందే పోయింది. చెవులూ ఎడమ చెయ్యీ మిగిలాయి. ఇంట్లో ఎత్తి దించే దిక్కులేక టీచరమ్మ ఆమెను ఇక్కడ చేర్చింది. ఆరోజు నుంచి టీచరమ్మ మనసు మనసులో లేదు.

రోజూ బడి వదలగానే వచ్చేది. అమ్మకి నిద్రాభంగం కాకూడదని చెప్పులు గుమ్మంలోనే వదిలి, మునివేళ్ళ మీద నడిచి, ఊపిరి కూడా మెల్లగా పీల్చుకుంటూ మంచం దగ్గర చేరి, ప్రేమగా అమ్మ చెయ్యి పట్టుకునేది. తల్లి చురుక్కుమన్నట్టు చెయ్యి లాక్కునేది. పిడికిలి బిగించి గుండెల మీద దాచుకునేది. ఒకరోజు కాదు, రెండురోజులు కాదు, మూడు నెలలు ఇదే తంతు.

'నన్ను ఇక్కడ పడేశావు కదే' అని అమ్మ అలిగిందనుకుంది టీచరమ్మ. ఇంటికెళ్ళి వంటగదిలో కుళ్ళి కుళ్ళి ఏడ్చేది. ఎప్పుడో ఒకరోజు అమ్మ కన్నుమూస్తుంది. ఈలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ చెయ్యి తన చేతిలో నిలిస్తే చాలు. అంతకు మించి ఆమెకింకేం అక్కర్లేదు.

అలాంటి మనిషికి ఎదురుగా ఈ మహానుభావుడు. "పెద్దమ్మా, నేనొచ్చాను. గుమ్మంలో ఉన్నాను. మంచం పక్క కమ్మీ దించుతున్నాను, చప్పుడవుద్ది. ఇప్పుడు తడిగుడ్డ నుదుటి మీదికి వస్తోంది, గోరువెచ్చగా ఉంటుంది. ఎడమవైపు తిప్పుతున్నాను, పడిపోవులే, నా చేతులున్నాయి." అతను తిప్పితే తల్లి చంటిపిల్లలా తిరిగేది. అది చూసి టీచరమ్మకి ఒళ్ళు మండేది. కన్నకూతురు ముట్టుకుంటే గిట్టదు గానీ ఈ వాగుడుకాయ ముట్టుకుంటే గిట్టిందా? ప్రశాంతంగా ఉండాల్సిన చోట ఈ గోలేమిటని, మార్జిను వదిలి, అంశాలకి నంబర్లు వేసి, అచ్చుతప్పు లేకుండా ఒక ఫిర్యాదు రాసి హెడ్‌నర్సుకి ఇచ్చింది. కామెంటరీని మగవాళ్ళ వార్డుకి మార్చారు.

వారం తిరిగేసరికి హెడ్‌నర్సే ఆమెను వరండాలో ఆపింది.

"టీచరుగారూ, మీ అమ్మగారితో మావల్ల కావట్లేదండి. ఒళ్ళు తుడవనివ్వట్లేదు, పక్క మార్చనివ్వట్లేదు. నిన్న నర్సు వేలు కొరికేశారు. ఇలాగైతే వీపు పుండ్లు పడుతుంది."

"అతను ఉన్నప్పుడు ఇలా చెయ్యలేదే?"

"అదేగా నేనూ అంటున్నాను."

టీచరమ్మ మొహం చెల్లకపోయినా మగవాళ్ళ వార్డుకి నడిచింది. కామెంటరీ ఒక ముసలాయనకి గడ్డం గీస్తున్నాడు. నాలుగు నెలలుగా ఆ మనిషికి స్పృహ లేదు.

"తాతగారూ, బ్లేడు గదవ కిందికి వస్తోంది. కదలకండి." వెనక్కి తిరగకుండానే అన్నాడు, "టీచరమ్మగారొచ్చారు. గుమ్మంలో నిలబడ్డారు."

"ఆయనకి వినిపిస్తుందా?"

"తెలీదండీ. వినిపించదని ఎవరూ రాసివ్వలేదు."

తను రాసిచ్చిన ఫిర్యాదు కాగితం గుర్తొచ్చి టీచరమ్మ తల దించుకుంది. అతనికి ఆ ధ్యాసే లేదు. నురగ తుడుస్తూ తన కథ చెప్పాడు. ఈ పనికి రాకముందు గోడలకి వెల్ల వేసేవాడు. ఒకసారి సున్నం కళ్ళలో పడి, ఇరవై రోజులు కట్లతో ఆస్పత్రి మంచం మీద పడుకున్నాడు.

"సూది ఎటునుంచి వస్తుందో తెలీదు. చెంచా ఎప్పుడు నోట్లో పడుతుందో తెలీదు. ఎవరివో చేతులు వచ్చి తిప్పేసి పోయేవి. అందరూ మంచోళ్ళేనమ్మా. కానీ నాకు మాత్రం ఇరవై రోజులూ దెయ్యాలకొంపలో ఉన్నట్టే. అందుకే చెప్పకుండా ఎవరి మీదా చెయ్యి వెయ్యను."

"మరి క్యాంటీన్లో టీ గ్లాసుకి కూడా చెప్పాలా?"

అతను సిగ్గుపడ్డాడు. "బయట మానేస్తే లోపల కూడా మర్చిపోతానేమోనని భయమండీ. నాకసలే మతిమరుపు." తర్వాత అడిగాడు, "మీరెలా వెళ్తారు పెద్దమ్మ దగ్గరికి?"

"చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా..."

"దొంగల్లే వెళ్తారన్నమాట."

టీచరమ్మకి అప్పుడు అర్థమైంది. అమ్మది అలక కాదు, భయం. మూడు నెలలపాటు ప్రేమకొద్దీ రోజూ సాయంత్రం ఆ గుడ్డితల్లిని హడలగొట్టింది తనే. వార్డని కూడా చూడకుండా స్టూలు మీద కూలబడి ఏడ్చింది. కామెంటరీ ఆ ముసలాయన చెవి దగ్గరికి వంగి, "మన టీచరమ్మ ఏడుస్తున్నారు తాతగారూ. పర్లేదు, మంచి ఏడుపే" అన్నాడు.

మర్నాడు టీచరమ్మ ఫిర్యాదు వెనక్కి తీసుకోగానే అతన్ని పాత వార్డుకి పంపించారు. ఆ సాయంత్రం టీచరమ్మ చెప్పులు విప్పకుండా టకటకా నడిచి గుమ్మంలో నిలబడింది. ఇరవయ్యారేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు పెగల్లేదు. వెనకనుంచి కామెంటరీ, "చెప్పండమ్మా, ఫీజేం లేదు" అన్నాడు.

"అమ్మా, నేను. గుమ్మంలో ఉన్నాను. వస్తున్నాను. కుర్చీ జరుపుతున్నాను. నీ... నీ ఎడమ చెయ్యి పట్టుకుంటున్నానే."

ఆ చెయ్యి పారిపోలేదు. కాసేపు అలాగే ఉండి, వేళ్ళు కూతురి మణికట్టు మీదికి పాకాయి. అక్కడ్నుంచి జాకెట్టు చేతి అంచు దాకా వెళ్ళి, కుట్టు వెంట నడిచి, ఊడిన దారం దగ్గర ఆగి, దాన్ని విసుగ్గా రెండుసార్లు లాగాయి. రెడీమేడ్ బట్టలు కొని వేసుకుందని దర్జీ తల్లి మందలింపు. మూడు నెలల తర్వాత టీచరమ్మ నవ్విన మొదటి నవ్వు అదే, దాంతోపాటు కన్నీళ్ళు కూడా కారాయి.

అలా నలభై రోజులు గడిచాయి. ఒకరోజు మూడో పీరియడ్‌లో ఫోనొచ్చింది. ఆమె వచ్చేసరికి అమ్మ మొహం మీద ఎండ పడుతోంది. అంతా అయిపోయింది. కామెంటరీ బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నుదురు తుడుస్తున్నాను. ఇదిగో, మీ అమ్మాయి కూడా వచ్చింది."

టీచరమ్మ రెండో గుడ్డ తీసుకుని నీళ్ళలో ముంచింది. "అమ్మా, నేను. నీ ఎడమ చెయ్యి తుడుస్తున్నాను. వేళ్ళు తుడుస్తున్నాను. బొటనవేలు." గొంతు ఎక్కడ ఆగిపోతే అక్కడ్నుంచి అతను అందుకున్నాడు. అతనిది ఆగితే ఆమె అందుకుంది. ఇద్దరూ కలిసి పెద్దమ్మకి చెప్పకుండా ఒక్క పని కూడా చెయ్యలేదు. తల దువ్వారు. దుప్పటి గుండెల దాకా కప్పారు.

ఇంక చెప్పడానికేమీ మిగల్లేదు. గదిలో మొట్టమొదటిసారి కామెంటరీ నోరు మూతపడింది. అతను గుడ్డ పిండి కమ్మీ మీద ఆరేసి, చేతులు తుడుచుకుని, ఆమె వైపు తిరిగి మర్యాదగా నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఇప్పుడు నేను కాస్త ఏడవబోతున్నాను. కంగారు పడకండి. రెండు నిమిషాల్లో అయిపోతుంది."

అంత దుఃఖంలోనూ ఆమెకి ఫక్కున నవ్వొచ్చింది. కుర్చీ అతని వైపు తోసి, "సరే, కుర్చీ ఇటు జరుపుతున్నాను" అంది. అతను కూర్చుని ఏడ్చాడు. రెండు నిమిషాలన్నాడు గానీ, పావుగంట పట్టింది.