శౌరయ్యకు కొట్టని గంట

ఈరమ్మ గంట కొట్టడం నేర్చుకున్నది దేవుడి మీద భక్తితో కాదు. ఆ మాట మొదటే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే కొత్తపేట పండ్ల మార్కెట్ వెనకున్న ఆ విచారణలో, అంటే ఆ చర్చి కింది క్రైస్తవుల్లో, ఆమెను ఇప్పటికీ మహా భక్తురాలనే అనుకుంటారు. ఆమె నేర్చుకున్నది ఒకే ఒక్క పని కోసం. గంటలు కొట్టే శౌరయ్య చచ్చిన రోజున ఆ తాడు తన చేతిలో ఉండాలి, తను కొట్టకూడదు. అంతే.

ఎందుకంత పగ అంటారా? ఈరమ్మ మొగుడు భిక్షపతి బస్సు డిపోలో మెకానిక్. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కిరాయి ఇంట్లో కాపురం పెట్టారు. పెళ్లయిన కొత్తలోనే ఇద్దరూ జ్ఞానస్నానం తీసుకున్నారు. సకల జనుల సమ్మె వచ్చినప్పుడు భిక్షపతి రెండు వారాలు చౌరస్తాలో టెంటు కింద కూర్చున్నాడు. ఒకనాడు మధ్యాహ్నం మాట్లాడుతూ మాట్లాడుతూనే గుండె పట్టుకుని పక్కకు ఒరిగాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. తోటివాళ్లు శవం మీద జెండా కప్పి, నినాదాలు ఇస్తూ చర్చికి తీసుకొచ్చారు.

ఆ విచారణలో ఎవరు పోయినా, శవం గేటు దాటగానే చావుగంట మోగాలి. పోయినవాళ్ల వయసెంతో అన్ని దెబ్బలు. దెబ్బకూ దెబ్బకూ మధ్య పరలోక జపం చదివేంత ఎడం ఉండాలి. ఫాదర్ గారేమో బంద్‌లో చిక్కుకుని నల్లగొండలోనే ఆగిపోయారు. గోపురం తాళంచెవి శౌరయ్య జేబులో ఉంది.

"శౌరయ్యన్నా, జర గంట కొట్టు. నా పెనిమిటి ఒచ్చిండు," అంది ఈరమ్మ.

శౌరయ్యది గుంటూరు వైపు. ముప్పై ఏళ్ల కింద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. గేటు బయట జెండాలు చూసేసరికి ఆయన జేబులోని తాళంచెవిని గట్టిగా పట్టుకున్నాడు.

"ఇవాళ వద్దమ్మా. ఇప్పుడు గంట కొడితే చర్చి కూడా ఉద్యమంలో కలిసిందంటారు. పోలీసులొస్తారు, గొడవలైపోతాయి. నా మాట విను."

"నలబై నాలుగు దెబ్బలన్నా. గంతే గదా!"

"వద్దన్నాను కదమ్మా."

భిక్షపతి గంట లేకుండానే మట్టిలోకి పోయాడు. అంతటితో ఆగినా ఈరమ్మ ఏడ్చి ఊరుకునేదేమో. కానీ వారం తిరక్కముందే, అదే సమ్మె నడుస్తుండగానే, శౌరయ్య లాగే గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దింటి ముసలమ్మ పోయింది. ఎనభై రెండేళ్లు. శౌరయ్య ఎనభై రెండు దెబ్బలూ కొట్టాడు. అరగంట పైనే మోగింది గంట. ఈరమ్మ తన ఇంటి గడప మీద కూర్చుని ఒక్కొక్కటీ విన్నది. "నా మొగనికి పోలీసులొస్తరు, ముసల్దానికి రారా! నీ చేతులు విరగ!" అని అక్కడే ఒట్టు పెట్టుకుంది.

కొట్లాటకు పోలేదు. గట్టి మనిషి. రోజూ చర్చి ఊడవడం మొదలుపెట్టింది, పీఠం మీద పూలు మార్చింది. కొన్నాళ్లకు శౌరయ్య భుజం నొప్పితో చెయ్యెత్తలేకపోతుంటే, "నేను నేర్చుకుంట ఫాదర్," అని తనే ముందుకొచ్చింది. ఫాదర్ గారు సంబరపడ్డారు. శౌరయ్య మాత్రం ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి, "సరే, రేపు ఐదింటికి రా," అన్నాడు.

మొదటిరోజు తాడు పట్టుకుని కసిగా లాగింది. గంట ఊగి తిరిగి పైకి లాగేసరికి ఈరమ్మ కాళ్లు నేల వదిలాయి. అరచేతులు తోలూడాయి.

"తాడుతో కొట్లాడకమ్మా," అన్నాడు శౌరయ్య. "అది పైకి పోతుంటే చేతులు దాంతో పోనీ. చివర్లో పట్టు. బలంతో కాదు, ఆగడంతో మోగుతుంది గంట."

మనసులో తిట్టుకుంటూనే నేర్చుకుంది. పూజకు ముందు మూడు పిలుపులు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం త్రికాల జపం గంటలు, పెళ్లి గంట, చావుగంట. శౌరయ్య ఏదీ దాచుకోలేదు. ఆమె వేళ్ల మీద తన వేళ్లు పెట్టి మరీ నేర్పాడు. ఆ వేళ్లు తగిలినప్పుడల్లా ఈరమ్మకు కంపరమెత్తేది. అయినా ఓర్చుకుంది.

రాష్ట్రం బిల్లు నెగ్గిన సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డంతా రంగులు, డప్పులు, బాణాసంచా. భిక్షపతి ఉంటే ఎట్లా ఎగిరేవాడో! గోపురం మెట్ల మీద శౌరయ్య బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

"ఇంక మమ్మల్ని పొమ్మంటారేమోనమ్మా."

"యాడికి పోతవన్నా? ఈడనే ఉండు," అంది ఈరమ్మ. "నీతోని నాకు పనుంది."

నెల తిరిగేసరికి శౌరయ్య మంచం పట్టాడు. ఈరమ్మ రోజూ ఎవరో ఒకరిని అడిగేది, "శౌరయ్యన్నకు ఎట్లుంది?" అని. ఎంత మంచి మనసో అనుకున్నారు అందరూ. ఆమె లోపల రోజులు లెక్కపెడుతోంది.

అయితే శౌరయ్య పోయింది ఎప్పుడనుకున్నారు? పవిత్ర శుక్రవారం నాడు. ప్రభువు చనిపోయిన రోజు!

పవిత్ర గురువారం సాయంత్రం పూజలో ఆగిన గంట మళ్లీ శనివారం రాత్రి ఈస్టరు కోసం చేసే పాస్కా పూజదాకా మోగకూడదు. ఎవరు పోయినా అంతే. గంటకు బదులు కటకటమని మోగే కొయ్య గిలక తిప్పుతారు. శనివారం పొద్దున శౌరయ్యను గిలక చప్పుడుతోనే సాగనంపారు. "ఎంత పుణ్యాత్ముడు! ప్రభువుతో పాటే పోయాడు. గంటలన్నీ ఆయన కోసమే మౌనంగా ఉన్నట్టున్నాయి," అని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఈరమ్మ ఒళ్లు భగ్గుమంది. రెండేళ్లకు పైగా చేతులు కాయలు కాయించుకుని కాచుకున్న పని. తను కాదనకముందే క్యాలెండరు కాదనేసింది, పైగా ముసలాడికి పుణ్యాత్ముడన్న పేరొకటి. ఇంటికి పోయి గిన్నెలన్నీ ఎత్తి కుదేసింది.

సోమవారం పన్నెండింటికి ముందు శౌరయ్య కూతురు లూర్దమ్మ గోపురం దగ్గరికి వచ్చింది.

"పిన్నీ, పండగ అయిపోయింది కదా. నాన్నకి ఇప్పుడు గంట కొట్టొచ్చట. మీరు ఒప్పుకుంటేనే అన్నారు ఫాదర్ గారు."

ఈరమ్మ గుండె గంతులేసింది. దేవుడున్నాడు!

"మీ నాయన అడగమన్నడా?"

"లేదండీ. అడగొద్దన్నారు." లూర్దమ్మ తల వంచుకుంది. "'ఆవిడ కొట్టదమ్మా. నాకు కొట్టకుండా ఉండటానికే నేర్చుకుంది. తాడు పట్టిన మొదటిరోజే తెలుసు నాకు' అన్నారు."

ఈరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"తెల్సే నేర్పిండా?"

"తెలిసే నేర్పారండీ."

"మరి తప్పయిందని ఒక్క మాట! గిన్ని రోజులు నా పక్కన నిలవడ్డడు గద, ఒక్కనాడన్న అన్నడా?"

"ఆయనకి నోరు రాలేదు పిన్నీ."

"నాకు చెయ్యి ఒస్తలేదు బిడ్డా. పో."

లూర్దమ్మ కళ్లు తుడుచుకుంటూ కదిలింది. ఈరమ్మకు కడుపులో చల్లగా ఉంది. అబద్ధమెందుకు, హాయిగానే ఉంది. భిక్షపతికి కొట్టనివాడికి తనూ కొట్టలేదు. చెల్లుకు చెల్లు.

పన్నెండయింది. త్రికాల జపం గంట కొట్టాలి. గోపురం మెట్లెక్కి తాడు పట్టింది. చేతులు తాడుతో పాటు పైకి పోయాయి, చివర్లో పట్టాయి, ఆగాయి. మూడు మూడుగా దెబ్బలు పడ్డాయి. కింద పూలమ్మే ముసలామె బుట్ట దించి సిలువ గుర్తు వేసుకుంటూ, "అచ్చం శౌరయ్య చెయ్యే!" అంది. గేటు దాకా పోయిన లూర్దమ్మ గిర్రున వెనక్కి తిరిగి, కొంగు తల మీదికి లాక్కుని అక్కడే నిలబడిపోయింది.

ఈరమ్మ పై నుంచి ఆ మాటా విన్నది, లూర్దమ్మ నిలబడటమూ చూసింది. పిచ్చి కోపం వచ్చింది. చేతుల పట్టు మార్చి ఇంకోలా లాగబోయింది. తాడు మొరాయించింది, దెబ్బ అరక్షణం తప్పింది. ఆ తప్పిన దెబ్బ చెవిన పడేసరికి ఆమెకే ప్రాణం విలవిల్లాడింది. చేతులు వాటంతటవే పాత పట్టుకు వచ్చేశాయి.

"పో అన్న గద, పో!" అని అరిచింది కిందికి. గంట మోతలో ఆ అరుపు ఎవరికీ వినపడలేదు. ఇంకా జపం చివరి తొమ్మిది దెబ్బలు మిగిలాయి. ఏడుస్తూ, తిడుతూ, తొమ్మిదీ శౌరయ్య కొట్టినట్టే కొట్టింది.