మల్లయ్య కాక మొహం కడిగిన సారు

మా చిన్నతనంలో బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు వదిలాక, గోదావరిఖని క్వార్టర్ల సందుల్లోకి నల్లటి మనుషులు నడిచొచ్చేవారు... కళ్ళు, పళ్ళు తప్ప ఒళ్ళంతా బొగ్గే. అయినా ఏ పిల్లా తన తండ్రిని పోల్చుకోవడంలో పొరబడేది కాదు. నడక, టిఫిన్ డబ్బా ఊపే తీరు చాలు... సందు మొదట్లోనే తెలిసిపోయేది.

స్నానం చేసేదాకా వాళ్ళు గడప దాటేవారు కాదు. పెరట్లో బండ మీద కూర్చుని నీళ్ళు కాగేదాకా చూసేవారు.

మా పక్క క్వార్టరు మల్లయ్య కాక కూడా అలాగే కూర్చునేవాడు. ఆయన బిడ్డ సమ్మక్క, నేను ఒకే తరగతి. ఒక చలికాలమంతా ఆమె తండ్రిని స్నానానికి లేవనివ్వకుండా ఎదురుగా కూర్చుని బొమ్మ వేసింది. పొయ్యిలోకి తెచ్చిన బొగ్గునే మెత్తగా నూరి, తుమ్మజిగురు కలిపి, గుడ్డపేలికతో అట్ట మీద అద్దేది. బళ్ళో ఇచ్చిన రంగుల పెట్టెలో నలుపు ఉంది... కానీ అది తన తండ్రి నలుపు కాదని ఆమె పట్టుదల.

"నీళ్ళు సల్లారుతున్నయ్. గిట్లనే కూసో, రెండో షిఫ్టోళ్ళు గూడ దిగొస్తరు" అని లచ్చమ్మ చిన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి విసుక్కునేది.

అంత అలసటలోనూ కాక మెడ నిటారుగా పెట్టేవాడు. "ముక్కు జర సన్నగ పెట్టు బిడ్డా, నాకింకో సంబంధమొస్తది" అనేవాడు, పెళ్ళాం వైపు ఓరగా చూస్తూ. చిన్నమ్మ చెంబెడు చన్నీళ్ళు ఆయన కాళ్ళ మీద కుమ్మరించేది.

బొమ్మ పూర్తయింది. బళ్ళో చిత్రకళా ప్రదర్శన ఉందని డ్రాయింగ్ సారు దాన్ని తీసుకుని బీరువాలో పెట్టాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే కాకకు పచ్చకామెర్లొచ్చి, దవాఖానలోనే పోయాడు. ఫొటో దిగుదామంటే వచ్చే జీతానికి చూద్దాంలే అంటూ దాటేసిన మనిషి... ఆయన రూపం ఆ ఒక్క అట్ట మీదే మిగిలింది. దాన్ని గోడకు తగిలించి దండ వేయాలని చిన్నమ్మ కోరిక. సమ్మక్క వెళ్ళి అడిగింది. ప్రదర్శన అయ్యాక తీసుకుపొమ్మన్నాడు సారు.

సారు చేతిలో పనితనం లేదని నేననను. కానీ శుభ్రంగా ఉన్నదే అందమని నమ్మిన మనిషి. ఖని పిల్లలం ఆకాశానికి బూడిదరంగు వేస్తే మార్కులు కోసేవాడు... మాకు కనబడే ఆకాశమే అది.

ప్రదర్శన రోజు పొద్దున సమ్మక్క, నేను కలిసే హాల్లోకి వెళ్ళాం. కాక బొమ్మ మధ్యలో వేలాడుతోంది. మొహం మీద బొగ్గు లేదు. గులాబిరంగు బుగ్గలు, పల్చటి చిరునవ్వు, దువ్విన జుట్టు... సారు రాత్రికి రాత్రి పోస్టర్ రంగులు పూసేశాడు.

సమ్మక్క దగ్గరికెళ్ళి ఆ బుగ్గను వేలితో గీకి చూసింది. సారు మాత్రం సంతోషంగా ఉన్నాడు. "పెద్దాఫీసరుగారు వస్తున్నారమ్మా. మొహం కడుక్కోని మనిషిని గోడకెక్కిస్తామా? చూడు, ఎంత కళగా ఉన్నాడో మీ నాన్న" అన్నాడు. ప్రేమగానే అన్నాడు... అందుకే నాకు మరీ మంట.

మొదటి బహుమతి ఆ బొమ్మకే వచ్చింది. ఆఫీసరుగారు చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు.

సాయంత్రం లచ్చమ్మ చిన్నమ్మ వచ్చింది, తల నిండా కొంగు కప్పుకుని. గోడ వెంట అన్ని బొమ్మలూ చూసుకుంటూ చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కి తిరిగింది. సమ్మక్క ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చి ఆ బొమ్మ ముందు నిలబెట్టింది. చిన్నమ్మ చాలాసేపు చూసింది.

"గీయన ఎవరో ఆఫీసరు లెక్కున్నడు బిడ్డా... మీ నాయన ఏడి?"

సారు పక్కనే ఉన్నాడు. విన్నాడు. "మీ అమ్మకి చిత్రకళ తెలియదులే" అని సమ్మక్క భుజం తట్టాడు.

ఇంటికి తెచ్చాక సమ్మక్క తడిగుడ్డతో ఆ రంగు తుడవబోయింది... పై రంగు పోతే కింద నాయన ఉంటాడనుకుంది. జిగురు కరిగింది. రంగూ బొగ్గూ కలిసి గుడ్డకే వచ్చేశాయి. అట్ట మీద రెండు చెవులూ మెడా మిగిలాయి. మళ్ళీ ఆమె కుంచె పట్టగా నేను చూడలేదు.

తర్వాత కళ గురించి చాలా పుస్తకాలు చదివాను. సారు చేసిన పనికి ఏ పుస్తకంలోనూ మర్యాదైన పేరు దొరకలేదు.

మొన్న మా పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో ఆనాటి ఫొటో పెట్టారు. గులాబి బుగ్గల బొమ్మ, పక్కన సారు. 'మన బడికి తొలి ఘనత' అని రాశారు. కింద వరసగా దండాలు. డ్రాయింగ్ గదికి సారు పేరు పెడదామట... పెట్టుకోండి. నా పేరు మాత్రం అందులో కలపకండి.

శ్రీరాంపూర్‌లో ఉంటున్న సమ్మక్కకు ఫోన్ చేసి ఫొటో సంగతి చెప్పాను.

"నాకు పంపకు అన్నా. ఇప్పటికే కండ్లు మూసుకుంటే ఆ సారు ఏసిన మొహమే వస్తది... మా నాయనది యాదికొస్తలేదు."

ఇప్పుడు భూగర్భ బాయిలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఆ సందుల్లో నల్లటి మొహంతో నడిచొచ్చే నాయనలు లేరు. బడి గోడల మీద పిల్లలు వేసే కార్మికుడికి ఇప్పటికీ గులాబి బుగ్గలే...

షిఫ్టు దిగొచ్చిన మీ నాయన ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే కింద పెట్టండి. ఎట్లా ఉందో అట్లానే పెట్టండి... మొహం కడగకండి.